రేడియో గుడ్డ

మొన్న మా మనవరాలు బెంగుళూరు నుంచి వస్తూ ఒక పొడుగాటి సూది తెచ్చింది. ఒక కొన చూస్తే స్వెట్టరు అల్లే సూదిలాగే ఉంది, రెండో కొనకు మాత్రం క్రోషా సూదికున్నట్టు కొక్కెం ఉంది. సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఎదురుగా ఫోను నిలబెట్టుకుని, అందులో ఎవరో తెల్లామె చేతులు చూస్తూ అల్లుతోంది.

"అవ్వా, ఇది చూడు. టునీషియన్ క్రోషే అంట. ఇప్పుడు అందరూ ఇదే నేర్చుకుంటాండారు" అంది.

కళ్ళజోడు సర్దుకుని చూశాను. ఇదేం కొత్తది కాదు. అరవై ఏళ్ళ కిందట ఇదే చింతామణిలో, ఇదే వీధిలో, మా అత్త ఈ సూదిని వాసన కూడా చూసింది. పేరు మాకు తెలియదు, పొడుగు సూది అల్లిక అనేవాళ్ళం. మనవరాలితో ఆ మాట అనలేదు. ఎవరికి అల్లుతున్నావు అని కూడా అడగలేదు. ఆ సూది పట్టుకున్నవాళ్ళను ఆ ప్రశ్న అడగకూడదని మా అత్త దగ్గర నేర్చుకున్నాను. అది చెప్పాలంటే ముందు మా అత్త సంగతి చెప్పాలి.

మా అత్తకు ఏదీ ఒక్కసారి చెబితే నిజం కాదు. పాలామె చెంబులో పాలు పోస్తే వేలు ముంచి గోటి మీద చుక్క నిలబెట్టి చూసేది. చుక్క జారిపోతే నీళ్ళు కలిపిందని పోట్లాట. చుక్క నిలబడితే ఇంకా ఎక్కువ అనుమానం. "ఈ పొద్దు ఇంత మంచి పాలు ఏమిటికి పోసింది, రేపటికి ఏందో ఎత్తు ఏస్తాండాది" అనేది. మా మామకు చింతపండు మండీ. బుట్ట పైన మంచి పండు పరిచి అడుగున గింజపండు కుక్కేవాళ్ళను చూసీ చూసీ ఆమెకు ఆ గుణం పట్టుకుందని మామ అనేవాడు. ఏ వస్తువునైనా ఆమె అడుగు నుంచే చూసేది. నా పెళ్ళిచూపులకు పాతపాళ్యకు వచ్చినప్పుడు నా ముఖం చూడకముందే మా అమ్మ వక్కాకు పెట్టిన పళ్ళెం ఎత్తి, అడుగున ఏ పేరు చెక్కి ఉందో చూసింది. అది పక్కింటివాళ్ళ పళ్ళెం. మా అమ్మకు ప్రాణం పోయినంత పనయింది. మా అత్త మాత్రం పళ్ళెం కింద పెట్టి, ఒక వక్క నోట్లో వేసుకుని, "ఎరువు తెచ్చి అయినా మర్యాద చేస్తాండారు, పరువుకు భయపడే ఇల్లే" అని సంబంధం ఖాయం చేసింది.

బస్సెక్కితే కండక్టరు చింపి ఇచ్చిన టికెట్టును పక్కనున్న మనిషి చేత చదివించేది. ఆ మనిషి సరిగా చదివాడో లేదోనని ముందు సీటులో ఉన్న ఇంకొకరి చేత చదివించేది. బోర్డు మీద బాగేపల్లి అని ఉన్నా డ్రైవరు దగ్గరికి పోయి, "అప్పా, ఇది బాగేపల్లికేనా" అని అడిగేది. అతను అవునంటే, "ఎవురు చెప్పిండేది?" అనేది. బస్సు నడిపేవాడికి ఇంకెవరు చెప్పాలో ఆ దేవుడికే తెలియాలి. మంచి కబురు ఏది చెవినబడినా ఆమె నోట వచ్చేది ఆ మాటే. ఎవరైనా ఏదైనా చేస్తామని మాటిస్తే, "ఏమో, చూడాల" అనేది. ఇరవై ఏళ్ళు ఆమెతో కాపురం చేశాను. సరే అనే మాట ఆమె నోట విన్న గుర్తు లేదు.

నా మొదటి కాన్పు పాతపాళ్యలో, పుట్టింట్లో. మా వైపు బిడ్డ భూమ్మీద పడకముందు బిడ్డకని ఏదీ కుట్టరు, కొనరు. ఉయ్యాల కూడా అటక మీద నుంచి దించరు. పుట్టాక పాత చీర పేలికల్లో చుట్టి, పురుడు వెళ్ళాకే కొత్త గుడ్డ వేస్తారు. మా అమ్మకు ఇది తెలియక కాదు. మొదటి మనవడు వస్తాడని ఆశ. ఆరో నెలలోనే మెత్తటి పంచె చింపి చిన్న కుల్లాయి కుట్టింది. కుట్టి ఊరుకోకుండా వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చూపించింది. బిడ్డ పుట్టాడు, ఏడవలేదు. పాత పేలికలో చుట్టి తీసుకుపోవడం నేను చూశాను.

మా అత్త చింతామణి నుంచి వచ్చి, ఆ కుల్లాయిని చేతిలోకి తీసుకుని, లోపలా బయటా తిప్పి చూసి, "ఎవురు కుట్టమన్నిండేది?" అని అడిగింది. అంతే. మా అమ్మను గాని నన్ను గాని మరొక్క మాట అనలేదు. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఏమీ అనలేదు కాబట్టి కడుపులో ఏదో పెట్టుకుందని నాకు అనుమానం. పాలచుక్కను కూడా వదలని మనిషి నా బిడ్డ సంగతి ఎలా వదులుతుంది? పై ఏడు నేను మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు నాకు ఇద్దరంటే భయంగా ఉండేది, ఒకరు దేవుడు, ఇంకొకరు మా అత్త. ఈ బిడ్డ కూడా దక్కకపోతే నేను ఆ ఇంట్లో తలెత్తుకుని తిరగలేను.

అప్పుడే పక్కింట్లోకి రేష్మె ఇన్స్‌పెక్టరు సంసారం దిగింది. పట్టుపురుగులు పెంచే ఊళ్ళు తిరిగే ఉద్యోగం ఆయనది. ఆయన భార్య చిక్కబళ్ళాపురంలో ఉన్నప్పుడు ఒక దొరసాని దగ్గర ఈ పొడుగు సూది అల్లిక నేర్చుకుందట. వాళ్ళింట్లో రేడియో ఉండేది. దాని మీద ఆమె అల్లిన ఎర్ర గుడ్డ దళసరిగా, చాపనేతలా గట్టిగా ఉండేది. దాన్ని తాకి చూసినప్పుడు నాకు ఒకటే అనిపించింది. ఈ బిడ్డను పేలికలో చుట్టను. ఇలాంటి దాంట్లో చుడతాను. కూడదని తెలిసీ అనుకున్నాను.

నేర్చుకుంటానని అడిగితే మా అత్త, "ఏమో, చూడాల" అంది. చూడటమంటే నిజంగానే చూడటం. ఇన్స్‌పెక్టరమ్మ మా అరుగు మీదికే వచ్చి నేర్పాలి, తాను పక్కనే కూర్చుంటుంది. మొదటిరోజు సూది తీసుకుని వంచి చూసింది, వాసన చూసింది, కొక్కెం మీద బొటనవేలు పెట్టి గీరింది.

"ఇంత పొడుగు ఏమిటికమ్మా? పొట్టి సూదులు ఉండాయి గదా" అంది.

ఇన్స్‌పెక్టరమ్మది కన్నడం. మా అత్త జవాబులు తెలుగు. ఇద్దరికీ ఏ ఇబ్బందీ లేదు. వరసలో ఉన్న కుట్లన్నీ ఒకేసారి సూది మీద కూర్చోవాలి, అందుకే పొడుగు అని ఆమె చెప్పింది. ముందు గొలుసు అల్లాలి. ఆ గొలుసులో ఒక్కొక్క కంటిలో సూది దూర్చి దారం లాగి, వచ్చిన ఉచ్చును దించకుండా సూది మీదే ఉంచుకోవాలి. కడదాకా పోయాక గుడ్డను తిప్పకూడదు. అలాగే వెనక్కి రావాలి. మొదట ఒక్కదాన్ని దించి, తరువాత రెండేసి ఉచ్చుల్లోంచి దారం లాగుతూ దించుకుంటూ రావాలి. అప్పుడు కిటికీ ఊచల్లాగా నిలువు పోగులు నిలబడతాయి. రెండో వరసకు ఆ ఊచల వెనక సూది దూర్చాలి, మొదటి ఊచను వదిలెయ్యాలి.

"తిప్పరా గుడ్డను?" అని మా అత్త అడిగింది. "ఎనకపక్క ఏముండాదో చూడకుండా ఎట్ల అల్లేది?"

"తిప్పేదే లేదమ్మా. ముఖం ఎప్పుడూ మన వైపే" అంది ఇన్స్‌పెక్టరమ్మ.

ఆ మాట మా అత్తకు బొత్తిగా నచ్చలేదు. నా చేతిలోంచి గుడ్డ లాక్కుని వెనక చూసింది. వెనకంతా చిన్న చిన్న ముళ్ళలాగా ఉంది. "చూస్తివా, ఈ పక్క వేరే మాదిరి ఉండాది" అని నాతో అంది, దొంగను పట్టుకున్నట్టు. మళ్ళీ కాసేపు ఇన్స్‌పెక్టరమ్మ వేళ్ళను చూస్తూ కూర్చుంది. "పోయేటప్పుడు అందర్నీ ఎక్కించుకోని పోతాది, వచ్చేటప్పుడు దించుకుంటా వస్తాది. మన బాగేపల్లి బస్సే గదా" అంది. నాకు వారమైనా పట్టుబడని సంగతి అది. ఇన్స్‌పెక్టరమ్మ నవ్వింది. మా అత్త నవ్వలేదు.

సూదీ ఉలన్ దారమూ ఇన్స్‌పెక్టరమ్మే ఇచ్చింది, దారం ఆమె దగ్గర మిగిలిన నిమ్మపండు రంగుది. "ఊరికే ఏమిటికి ఇస్తాది?" అని మా అత్త ఒక పూటంతా ఆలోచించి, బదులుగా గింజ తీసిన చింతపండు ఒక కుండెడు పంపించింది. కుండ అడుగున కూడా మంచి పండే పెట్టిందని నేను చూశాను.

నాలుగు వేళ్ళ గుడ్డ అయ్యేసరికి అది అప్పడంలా పైకి చుట్టుకోవడం మొదలుపెట్టింది. ఈ అల్లిక గుణమే అంత, తడిపి బరువు పెడితే సర్దుకుంటుంది. మా అత్త ఆ చుట్టను వేలితో విప్పి చూసి, వదిలి, మళ్ళీ విప్పి, నా ముఖంలోకి చూసి అడిగింది.

"ఎవురికే ఇది?"

బిడ్డకని చెబితే సూది ఆ క్షణమే లాక్కుంటుంది. నోటికి ఏది దొరికితే అది అన్నాను. "రేడియోకు గుడ్డ అత్తా."

"మన ఇంట్లో రేడియో యాడుండాది?"

"మామ కొంటారేమో" అన్నాను.

ఆమె నా ముఖం చూసింది, నా కడుపు చూసింది, గుడ్డ చూసింది. చాలాసేపు చూసింది. "ఏమో, చూడాల" అంది. నమ్మలేదని తెలిసిపోయింది. అయినా సూది లాక్కోలేదు. ఎందుకు లాక్కోలేదన్నది అంతకన్నా పెద్ద భయం.

మర్నాటి నుంచి అసలు గోల మొదలైంది. కొత్తిమీర అమ్మే ఆమె గడపలో బుట్ట దించితే, "మా కోడలు రేడియోకు గుడ్డ అల్లతాండాదమ్మా" అని అడక్కుండానే చెప్పింది. చెంబు తీసుకుని వచ్చిన పాలామెకు చెప్పింది. దేవుడి గూటిలో దీపం పెట్టి చేతులు జోడించి, నాకు వినబడేటంత గట్టిగా, "స్వామీ, కోడలు రేడియోకు గుడ్డ అల్లతాండాది" అని దేవుడికి కూడా చెప్పింది. నా అబద్ధాన్ని పట్టుకుని ఊరంతా తిప్పి నా చేతనే నిజం కక్కించాలని చూస్తోందనుకున్నాను. కోపమూ ఏడుపూ కలిసి వచ్చేవి. బావి దగ్గర బిందె కడుగుతూ ఏడ్చేదాన్ని. మామ పరిస్థితి ఇంకా ఘోరం. మండీకి వచ్చినవాళ్ళంతా, "రేడియో కొంటాండావంట గదప్పా" అని అడుగుతుంటే ఆయన నిజంగానే కొందామా అని ఇంటికి వచ్చి అడిగాడు. "అప్పుడే ఏమిటికి? నువ్వు సుమ్మనుండు" అని ఆయన నోరు మూసింది.

ఇంతలో గుడ్డ ఒక పక్క సన్నబడసాగింది. ఎంత జాగ్రత్తగా అల్లినా ఎడమ పక్క తగ్గుతూనే ఉంది. ఇన్స్‌పెక్టరమ్మ ఊళ్ళో లేదు. మా అత్త మూర పెట్టి కొలిచింది, మర్నాడు మళ్ళీ కొలిచింది. "యాడికి పోతాండాయి ఇవి?" అని నన్ను దొంగను చూసినట్టు చూసింది. తరువాత నా పక్కన చతికిలబడి, ఒక వరస మొత్తం రెప్పవేయకుండా చూసింది. నేను చివరి కుట్టు అయిపోయిందనుకుని వెనక్కి తిరగబోతుంటే నా మణికట్టు పట్టుకుంది.

"నిలువు. కడాకు ఒకటి దాక్కోనుండాది."

నిజమే. అంచున ఉన్న ఆఖరి ఊచ పక్కకు వాలి, అంచు దారంతో కలిసిపోయి కనబడకుండా ఉంది. వరసవరసకూ దాన్ని వదిలేస్తున్నాను. దాక్కున్నదాన్ని పట్టుకోవాలంటే మా అత్త కళ్ళే కావాలి. మొత్తం పీకించింది. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు నేను జానెడు వెడల్పు గొలుసు అల్లితే, "అగ్గిపెట్టె మాదిరి రేడియో మన ఇంట్లోకి రాదు, పెద్దది వస్తాది. మూరకు పైన ఉండల్ల" అంది. ఎగతాళి అనుకున్నాను. పళ్ళు బిగబట్టుకుని మూరకు పైనే అల్లాను. కుట్లు సూది మీద కుక్కి కుక్కి పెట్టాల్సి వచ్చేది.

నెలలు నిండుతుండగా ఆఖరి వరసకు వచ్చాను. కుట్లన్నీ ఎక్కించడం అయింది, ఇక దించుకుంటూ రావడమే మిగిలింది. మా అత్త వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, గుడ్డను సూదితో సహా నా ఒళ్ళోంచి ఎత్తుకుంది.

"ఇంక చాలు. రేడియో రాలేదు గదా."

"ఒక్క వరస అత్తా. సగంలో నిలిచింది" అన్నాను.

"నిలవనీ" అంది. కుట్లు జారకుండా కొక్కెం కొనకు ఒక పేలిక చుట్టి, మొత్తాన్ని తన పాత చీరలో కట్టి, పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి నడుముకు దోపుకుంది. ఇక ఆ గుడ్డ నాకు దక్కదనుకున్నాను. దారం పీకి ఉండ చుట్టి ఇన్స్‌పెక్టరమ్మకు తిరిగి ఇచ్చేస్తుందనుకున్నాను. ఆ కోపం చాలదన్నట్టు, కాన్పు పాతపాళ్యలో వద్దు, చిక్కబళ్ళాపురం పెద్దాసుపత్రిలో అని చెప్పింది. మా అమ్మ చేతుల మీద నమ్మకం లేదని ముఖాన చెప్పినట్టే అయింది నాకు. మా అమ్మ అక్కడికే వచ్చింది. శిడ్లఘట్ట మీదుగా బస్సులో పోతున్నంతసేపూ మా అత్త సంచిని ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద వేసుకుని కూర్చుంది. అందులో ఏముందో నేను అడగలేదు.

బిడ్డ పుట్టింది. ఏడ్చింది. నేను విన్నాను. నర్సు తలుపు దగ్గరికి పోయి, "ఆడబిడ్డ, బాగుండాది" అని చెప్పింది.

"ఎవురు చెప్పిండేది?" అని మా అత్త గొంతు వినబడింది.

"నేనే చెప్తాండాను గదవ్వా."

"ఇంకోసారి ఏడిపించు."

నర్సు విసుక్కుంటూ వచ్చి బిడ్డ అరికాలు మీద వేలితో కొట్టింది. బిడ్డ కేర్‌మంది. "ఇంకోసారి" అని మళ్ళీ తలుపు బయటినుంచి. మూడోసారి నర్సు కొట్టాల్సిన అవసరం లేకపోయింది, బిడ్డ తనంతట తానే గుక్కపట్టి ఏడ్చింది.

తరువాత జరిగింది మా అమ్మ చెబితే తెలిసింది. మా అత్త వరండా బెంచీ మీద కూర్చుని, సంచిలోంచి మూట తీసి విప్పింది. నిమ్మపండు రంగు గుడ్డ, నేను ఎక్కించిన కుట్లన్నీ సూది మీద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. కొనకున్న పేలిక ఊడదీసి, దారం వేలికి చుట్టుకుని, మొదట ఒకదాన్ని దించింది. తరువాత రెండేసి. ఒక్క కుట్టు జారలేదు. అన్నీ దించి, దారాన్ని పంటితో తెంపి, ముడి వేసింది.

"నీకు ఇది ఎప్పుడొచ్చు వదినా?" అని మా అమ్మ అడిగిందట.

"అన్ని దినాలు కాపలా కాసిండేది ఊరికేనా?" అందట మా అత్త. గుడ్డను మోకాళ్ళ మీద సాపు చేస్తూ, "నువ్వు కుల్లాయి కుట్టిండేది తప్పు కాదు వదినా. అందరికీ చూపిస్తివి. బిడ్డకని చెప్తివి. కోడలికి తెలివుండాది, రేడియోకని చెప్పింది. నేను ఆ మాటే పట్టుకుంటిని. నాకు నీ మీదా లేదు అనుమానం, నీ కూతురి మీదా లేదు. వినేవాడి మీదే" అందట. ఆ వినేవాడు ఎవరో చెప్పలేదు. మా అమ్మ ఆసుపత్రి వరండాలో నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చిందట.

మా అత్త లోపలికి వచ్చి ఆ గుడ్డలోనే బిడ్డను చుట్టి నా పక్కన పడుకోబెట్టింది. అంచు పైకి చుట్టుకుంటుంటే బొటనవేలితో అణిచి పట్టుకుంది. ఆమె చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. విడిపించుకోలేదు. ఇదేమిటవ్వా, ఇంత బాగుంది అని నర్సు అడిగితే, "రేడియోకు గుడ్డ" అంది, ముఖం ఏమాత్రం మార్చకుండా.

మా అమ్మాయి నడక నేర్చి ఆ గుడ్డను ఇల్లంతా ఈడ్చుకు తిరుగుతున్నప్పుడు కూడా అది రేడియో గుడ్డే. తరువాత మామ నిజంగానే రేడియో కొన్నాడు. దాని మీద పాత పంచె ముక్క వేశారు. రేడియో గుడ్డను రేడియో మీద వేస్తామంటే మా అత్త ఒప్పుకోలేదు. వార్తలు మొదలైతే దాని ముందు కూర్చుని శ్రద్ధగా విని, అయిపోయాక, "ఎవురు చెప్పిండేది?" అనేది.

ఇదంతా మనసులో తిరుగుతుండగా మనవరాలు విసుగ్గా సూది ఒళ్ళో పడేసింది. "అవ్వా, ఆమె చూపించినట్టే చేస్తాండా. ఈ పక్క ఎందుకో తగ్గిపోతాండాది."

"కడాకు ఒకటి దాక్కోనుండాది చూడు" అన్నాను.

అది వంగి చూసింది, గోటితో అంచు కదిపింది, తలెత్తి నన్ను చూసింది. "నీకు ఇది ఎట్ల తెలుసు?" అంది. నేను జవాబు చెప్పేలోపే ముఖం వెలిగిపోతూ, చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, "అవ్వా, ఇది ఎవరికో చెప్పనా" అని మొదలుపెట్టింది.

"రేడియోకు గుడ్డ" అన్నాను, వీధిలోకి వినబడేటంత గట్టిగా.

"రేడియోనా? మన ఇంట్లో రేడియో ఎక్కడుండాది అవ్వా?"

వంటింట్లోంచి వాళ్ళమ్మ, అంటే ఆ గుడ్డలో చుట్టిన మా అమ్మాయి, తల బయటికి పెట్టి చూసింది. నేను మనవరాలి తలమీద చెయ్యి వేశాను.

"వస్తాది. కడా వరస ఎక్కించి, సూదితోనే నాకియ్యి. దించేది నేను."